సరి నంబర్లకు ప్రశ్నలు లేవు

హాస్టల్, పై అంతస్తు, కిటికీ లేని గది

అత్తకి,

నీ ఉత్తరం అందింది. నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు ఇవిగో. తింటున్నాను. పడుకుంటున్నాను. జుట్టు రాలడం తగ్గింది. దుప్పటి సరిపోతోంది. గదిలో నాతో ఉండే అమ్మాయి మంచిదే. లేదు, ఎవరూ లేరు, ఉంటే ముందు నీకే చెబుతాను.

ఇక అసలు సంగతి. రాళ్ళ గురించి చదువుకుందామని వచ్చిన మాకు ఈ ఆఖరి ఏడాదిలో కొత్త పేపరు తగిలించారు. దాని పేరు ‘ఆంగ్ల పలకరింపులు, నిత్య సంభాషణా నైపుణ్యాలు’. అందులో పాసైతేనే డిగ్రీ పట్టా. పట్టా చూపిస్తేనే గనుల సర్వే ఆఫీసువాళ్ళు నన్ను ఉద్యోగంలో చేర్చుకుంటారు. అంటే భూమి పొరలన్నీ నాకు కంఠతా వచ్చినా, ‘గుడ్ మార్నింగ్’ దగ్గర తప్పితే ఇంటికే అన్నమాట.

భయపడకు. మా శాఖాధిపతి దీనికో ఉపాయం కనిపెట్టారు. పుస్తకంలో పన్నెండు సంభాషణలున్నాయి. ఒకళ్ళు అడగాలి, ఇంకొకళ్ళు బదులు చెప్పాలి. అందరికీ రెండూ నేర్పేంత టైం లేదని, హాజరు పట్టీలో బేసి నంబర్ల వాళ్ళంతా అడిగేవే నేర్చుకోవాలి, సరి నంబర్ల వాళ్ళంతా బదులు చెప్పేవే నేర్చుకోవాలి అన్నారు. పరీక్షలో ఇద్దరిద్దర్ని కూర్చోబెడతారు. పని సగం, ఫలితం నూటికి నూరు. అప్పట్నించి ఆయన్ని మేం సగం సారు అంటున్నాం. ఆయనకి తెలిసే ఉంటుంది, మెచ్చుకుంటున్నాం అనుకుంటున్నారు.

నేను సరి నంబరు. అడిగే పని లేదు, హాయి. కాకపోతే ఈ చదువు క్లాసులోంచి క్యాంటీన్ దాకా పాకింది. ఇద్దరు బేసి వాళ్ళు ఎదురుపడితే ‘హౌ ఆర్ యూ’ అంటే ‘హౌ ఆర్ యూ’ అనుకుంటూ బెల్లు కొట్టేదాకా నిలబడతారు. ఇద్దరు సరి వాళ్ళు ఎదురుపడితే ఎవరైనా బేసి నంబరు అటు వచ్చేదాకా మొహామొహాలు చూసుకుంటారు. ప్రేమలు కూడా సరి–బేసి మధ్యే సాగుతున్నాయి. మిగతావి మొదలవ్వట్లేదు.

నీ అడగడాలకి ఇవే నా జవాబులు. ఇంకేమైనా ఉంటే అడుగు.

నీ మేనకోడలు


బస్ స్టేషన్, ఎంక్వయిరీ కౌంటర్, మధ్యాహ్నం రద్దీ తగ్గాక

ఒసే జవాబుల మూటా,

నీ ఉత్తరం చదివి నవ్వుతుంటే అద్దం అవతల నిలబడ్డ పెద్దాయన తనని చూసే నవ్వుతున్నాననుకుని బస్సు అడక్కుండానే వెళ్ళిపోయాడు. ఆయన బస్సు కూడా వెళ్ళిపోయింది. పాపం మీ సగం సారుకే తగులుతుంది.

అయినా ఇందులో వింతేముందే? నేను ఇన్నేళ్ళుగా సరి నంబరునే కదా. పొద్దున్న కూర్చుంటే చాలు, ‘బస్సు ఎప్పుడు?’, ‘ఏ ప్లాట్‌ఫారం?’, ‘ఎందుకు లేటు?’ టైములు రాసిన బోర్డు నా నెత్తిమీదే ఉంటుంది, అది చూడరు, నన్ను అడుగుతారు. నేను చెప్పడం పూర్తవ్వకముందే సంచీ ఎత్తుకుంటారు. మొన్నొకావిడ ‘ఈ బస్సు వెళ్తుందా?’ అంది. ఏ బస్సమ్మా అంటే ‘అదే’ అంది. ఎక్కడికమ్మా అంటే ‘మా ఇంటికే’ అంది. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అని ఊరికే అన్నారా. అందుకే ఇంటికొచ్చాక నేనూ అడగడం మొదలుపెడతాను, ఆ కసి తీరడానికి. నా కసికి బలైందానివి నువ్వే. మీ నాన్న ఉద్యోగం ఊరూరా తిప్పేదని నిన్ను నా దగ్గర వదిలిన రోజునుంచీ నేను అడగడం, నువ్వు చెప్పడం.

ఫోన్ చెయ్యొచ్చుగా అని మీ అమ్మ సాధిస్తోంది. రోజంతా రిసీవరు చెవికి అంటుకుని ఉంటుంది, మళ్ళీ ఫోనంటే డ్యూటీ చేస్తున్నట్టే ఉంటుందని చెప్పాను. ఉత్తరమైతే మధ్యలో ఎవరూ లైన్లోకి రారు.

ఇక్కడ కొత్తేమీ లేదు. డిపో మేనేజరు ఓ నిలువెత్తు పెట్టె తెప్పించి నా కౌంటర్ పక్కన నిలబెట్టించాడు. దానికి ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు. అదేంటంటే ‘సదుపాయం’ అన్నాడు.

సరేగానీ: నీళ్ళు కాచి తాగుతున్నావా? ఆ గదికి కిటికీ ఎందుకు లేదు? కిటికీ ఉన్న గది అడిగావా? అసలు ఎవర్నైనా ఏమైనా అడిగావా?

నీ అత్త


హాస్టల్, అదే గది

అత్తా,

కాస్తున్నాను. కట్టినవాడు పెట్టలేదు. అడగలేదు. లేదు.

కొంప మునిగింది. పైనుంచి తనిఖీ బృందం వచ్చింది. వాళ్ళకి మా పలకరింపులు చూపించాలని సగం సారుకి సరదా పుట్టింది. అడిగేవాళ్ళు ముందు, చెప్పేవాళ్ళు తర్వాత అనుకుని బేసి నంబర్లని గేటు దగ్గర వరసగా నిలబెట్టారు, మమ్మల్ని హాల్లో కూర్చోబెట్టారు. ఆ తెలివికి ఆయన రాత్రంతా మురిసిపోయారట.

బృందానికి అధ్యక్షురాలు ఒక పెద్దావిడ. గేటు నుంచి హాలు దాకా ప్రతి బేసి నంబరూ ఆవిణ్ణి ‘హౌ ఆర్ యూ’, ‘హౌ వాజ్ యువర్ జర్నీ’ అని అడిగారు. ఆవిడ మొదట్లో ఓపిగ్గానే చెప్పింది. రైలు ఆలస్యమైందనీ, నడుం నొప్పనీ. ఆ జవాబులు పుస్తకంలో లేవుగా, ఎవరికీ అర్థం కాలేదు. పక్కవాడు మళ్ళీ ‘హౌ వాజ్ యువర్ జర్నీ’ అనేవాడు. ఆవిడ హాల్లోకి వచ్చేసరికి గొంతు ఎండిపోయింది.

వచ్చి కూర్చుంది. మేం ఎదురుచూస్తున్నాం. ఆవిడా ఎదురుచూస్తోంది. చివరికి ఆవిడే మెల్లగా, మంచినీళ్ళు ఎక్కడ దొరుకుతాయని ఇంగ్లీషులో అడిగింది. అత్తా, మాకు జవాబులు వరస ప్రకారమే వచ్చు. హాలంతా ఒక్క గొంతుతో ‘ఐయామ్ ఫైన్, థాంక్యూ’ అన్నాం. ఆవిడ మళ్ళీ నీళ్ళు అంది. రెండో జవాబు చెప్పాం: నేరుగా వెళ్ళి ఎడమవైపు తిరగండి, పోస్టాఫీసు పక్కనే. ఆవిడ నిజంగానే లేచి నేరుగా వెళ్ళి ఎడమవైపు తిరిగింది. అక్కడున్నది మా రాళ్ళు పెట్టుకునే గది. ఎవరో బయటి నుంచి గడియ కూడా పెట్టారు.

ఆవిడ వెళ్ళేముందు ఒక ఆర్డరు వేసింది. ఈసారి పరీక్షకి బయటి పరీక్షాధికారి వస్తాడు. కుర్చీలో ఊరికే కూర్చుంటాడు, తనంత తానుగా నోరు విప్పడు. లోపలికి ఒక్కొక్కళ్ళే వెళ్ళి మాట కలపాలి, నడిపించాలి.

బేసి వాళ్ళు పండగ చేసుకుంటున్నారు. మాకు ఏడుపొక్కటే తక్కువ. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. నా గదిలో అమ్మాయి బేసి నంబరు, మేం ప్రశ్నల పిల్ల అంటాం. నాకు నేర్పుతానంది. ‘హౌ ఆర్ యూ’ అంటుంది, నేను నోరు తెరిచేలోపు తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోతుంది. జవాబు వినడం తన సిలబస్‌లో లేదు.

ఇదొక్కటీ పోతే ఉద్యోగం పోయినట్టే. నాకు నిజంగా భయంగా ఉందత్తా. ఎవరితోనైనా మాట మొదలుపెట్టాల్సి వస్తే పక్క దారిన తప్పుకుపోతున్నాను.

నీ మేనకోడలు


బస్ స్టేషన్

అమ్మడూ,

ముందు ఏడుపు ఆపు. ఆ పెద్దావిణ్ణి గదిలోంచి ఎవరు తీశారో, ఎంతసేపటికి తీశారో అది రాయలేదు. అన్నీ చెబుతావు, అడిగితేనే చెబుతావు.

ఇప్పుడు నాకు కాస్త తీరిక, కాబట్టి శ్రద్ధగా రాస్తున్నాను, శ్రద్ధగా విను. ఇన్నేళ్ళలో అద్దం అవతల రెండు రకాల మనుషుల్ని చూశాను. మొదటి రకం, జేబులోంచి తీసినట్టు తెచ్చుకున్న మాట నా మొహాన పడేసి పోతారు. రెండో రకం అరుదు. ముందు నన్ను చూస్తారు. ఒకసారి నాకు జలుబు చేస్తే ఒకాయన ‘గొంతు పోయినట్టుంది, వేలితో చూపించండి చాలు, నేను చూసుకుంటాను’ అన్నాడు. ఆయన ఏ ఊరు వెళ్ళాడో మర్చిపోయాను. ఆ మాట మర్చిపోలేదు.

అడగడమంటే భాష కాదే పిచ్చిమొహమా. ఎదుటి మనిషిని చూశాక నీకు ఏది తెలుసుకోవాలనిపిస్తే అది. ఇంగ్లీషు దాని వెనకాల కుంటుకుంటూ వస్తుంది, రానీ.

ప్రాక్టీసు నా మీద చెయ్యి. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు, నేను అత్తని, ఇంకా పెట్టను. తర్వాతి ఉత్తరంలో ఒక్క జవాబు కూడా రాయకు. అన్నీ ప్రశ్నలే రాయి.

నీ అత్త


హాస్టల్

డియర్ అత్తా,

గుడ్ ఈవెనింగ్. మీరు ఎలా ఉన్నారు? అక్కడ వాతావరణం ఎలా ఉంది? మీకు ఎంతమంది అన్నదమ్ములు? మీ అభిరుచులు ఏమిటి? క్షమించండి, దగ్గరలో పోస్టాఫీసు ఎక్కడ ఉంది? మీ అమూల్యమైన సమయాన్ని కేటాయించినందుకు ధన్యవాదాలు, మరల ఎప్పుడు కలుద్దాం?

ప్రశ్నల పిల్ల పుస్తకం అరువిచ్చింది. బాగా వచ్చాయా?

మేనకోడలు


బస్ స్టేషన్, వెనక వైపు

దేవుడా,

నన్ను ‘మీరు’ అన్నావు, బాగుంది. నాకు ఎంతమంది అన్నదమ్ములు? ఒక్కడే, వాడు మీ నాన్న, పరిచయం చేస్తాను ఒకరోజు. పోస్టాఫీసు ఎక్కడంటే, నువ్వు ఈ ఉత్తరం పోస్టు చేసిన చోట. వాతావరణం పొడి.

ఇవి ప్రశ్నలా, ఇంటిపన్ను కాగితమా? నువ్వు ఇవి రాసేటప్పుడు జవాబు కోసం ఒక్క క్షణం ఆగావా? అదీ లేదు. ఒకదాని తోక ఇంకొకటి పట్టుకుని పరిగెత్తాయి. మీ ప్రశ్నల పిల్ల తువ్వాలు నీ భుజాన కూడా పడింది.

నిన్న ఒక మనిషి ఒంటి చెప్పు కోసం వచ్చాడు. ఎడమకాలిది. ఇక్కడ ఎడమకాలి చెప్పులు చాలా ఉన్నాయి, జనం కుడికాలిని జాగ్రత్తగా చూసుకుంటారు కాబోలు. దొరికింది. వేసుకుని చూసుకున్నాడు, మురిసిపోయాడు, వెళ్ళిపోయాడు. నేను ఇచ్చానని కూడా గమనించలేదు, గోడలోంచి చెప్పు దానంతటదే వచ్చిందనుకున్నాడేమో. పోనీలే.

నేను బాగానే ఉన్నాను. నువ్వు పరీక్ష మీద మనసుపెట్టు. ఆ కుర్చీలో కూర్చునేవాణ్ణి పరీక్షాధికారి అనుకోకు. ఏదో పోగొట్టుకుని వచ్చి కూర్చున్నాడనుకో.

అత్త


హాస్టల్, పరీక్ష అయిన సాయంత్రం

అత్తా,

వరసగా చెబుతాను, మధ్యలో ఆపకు.

నా ముందు వెళ్ళిన బేసి వాళ్ళంతా విజయోత్సాహంతో బయటికొచ్చారు. ‘అడగాల్సినవన్నీ అడిగేశాం, ఆయనే సరిగ్గా చెప్పలేకపోయాడు’ అన్నారు. సరి వాళ్ళలో ఒకడు లోపలికెళ్ళి ‘ఐయామ్ ఫైన్’ అని వచ్చేశాడు. ఇంకొకడు ఆయనతోపాటు మౌనంగా కూర్చుని, బాగా ప్రశాంతంగా ఉందన్నాడు.

నేను వెళ్ళాను. బల్ల వెనక ఒక ముసలాయన. ముందు మార్కుల కాగితం, దానిమీద గళ్ళు: పలకరింపు, వాతావరణం, కృతజ్ఞత, వీడ్కోలు. పక్కన సగం సారు నా వైపు కళ్ళతోనే ‘గుడ్ మార్నింగ్, గుడ్ మార్నింగ్’ అని బతిమాలుతున్నారు. బుర్రలోంచి పుస్తకం మొత్తం ఎగిరిపోయింది. అప్పుడు నువ్వన్నది గుర్తొచ్చి ఆయన్ని చూశాను. కుడిచేతి బొటనవేలికి లావుపాటి కట్టు. పెన్ను ఎడమచేత్తో పట్టుకుని అవస్థ పడుతున్నాడు.

‘సర్, యువర్ థంబ్... వాట్ హాపెండ్?’ అన్నాను. నిజంగా తెలుసుకోవాలనిపించిందత్తా.

ఆయన పెన్ను కింద పెట్టేశాడు. చెప్పడం మొదలుపెట్టాడు. పక్కింటాయన ఇనప గేటు వేస్తున్నాడట. ఈయన వేలు సందులో ఉంది. ఆగమని చెప్పాలి. ‘ఎక్స్‌క్యూజ్ మీ’ అనాలా, ‘ఐ బెగ్ యువర్ పార్డన్’ అనాలా, పెద్దగా పరిచయం లేని మనిషి కదా ఏది మర్యాద అని ఆలోచించేలోపు గేటు పడింది! నేను పకపకా నవ్వేశాను. నవ్వి, నాలిక్కరుచుకుని, చాలా నొప్పిపుట్టిందా అని అడిగాను. ‘వెరీ మచ్’ అన్నాడు, చిన్నపిల్లాడిలా. తర్వాత తెలుగులోకి వచ్చేశాడు. ‘పొద్దున్నుంచి ఎంతమందో ఎలా ఉన్నారని అడిగారమ్మా, అందరికీ ఫైన్ అనే చెప్పాను, వాళ్ళకి చెప్పడానికి సందు దొరకలేదు’ అన్నాడు. బెల్లు కొట్టినా ఆయన ఆపలేదు. సగం సారు గళ్ళ కాగితం చూస్తూ చెమట తుడుచుకున్నారు. నేను గుడ్ మార్నింగూ చెప్పలేదు, థాంక్యూ కూడా చెప్పలేదు.

పాసవుతానో లేదో తెలియదు. అది పక్కన పెట్టు.

గదికి వచ్చి నీ ఉత్తరాలన్నీ మళ్ళీ తీశాను. ఆయన వేలు చూసినట్టు చూశాను. అత్తా, ఉత్తరం పైన ‘ఎంక్వయిరీ కౌంటర్’ అని రాయడం ఎందుకు మానేశావు? బస్ స్టేషన్ వెనక వైపు ఏముంది? కౌంటర్ దగ్గర క్షణం తీరిక ఉండనిదానివి, నీకంత తీరిక ఎక్కడిది? చెప్పుల కోసం జనం నీ దగ్గరికి ఎందుకొస్తున్నారు? ఆ పెట్టెకి ప్లాస్టిక్ కవరు తీసేశారా?

నువ్వు ఎలా ఉన్నావు? ఇది పుస్తకంలోది కాదు. ఇంత వయసొచ్చాక మొదటిసారి అడుగుతున్నానని ఇప్పుడే తెలిసి సిగ్గేస్తోంది. నేను ఆగుతాను, చెప్పు.

నీ మేనకోడలు


పోయిన సామాన్ల గది, బస్ స్టేషన్ వెనక వైపు

బంగారుతల్లీ,

ఈ జవాబు మూడుసార్లు రాసి చింపాను. మొదటిసారి ‘నేను బాగున్నాను’ అనే రాశాను, అలవాటు కదా.

బాగాలేనే.

పెట్టెకి కవరు తీసేశారు. మీట నొక్కితే చాలు, ‘నమస్కారం, మీ ప్రయాణం శుభప్రదం కావాలి’ అంటుంది, ఆ తర్వాత టైం చెబుతుంది. బస్సు రద్దయినా శుభప్రదమే అంటుంది. జనం దాన్ని మెచ్చుకుంటున్నారు, మర్యాదగా ఉందట. నేను ఎప్పుడూ విసుక్కోలేదంటే అబద్ధం, ‘మా ఇంటికే’ అన్నావిణ్ణి విసుక్కున్నాను. కానీ ఆవిణ్ణి కూర్చోబెట్టి, ఇల్లెక్కడో కనుక్కుని, బస్సెక్కించింది నేనే. ఆ పెట్టె ఎక్కించదు.

నన్ను ఇక్కడికి మార్చారు. గొడుగులు, సంచులు, చెప్పులు, ఒక కృత్రిమ దంతాల సెట్టు, నేను. డిపో మేనేజరు ‘మీకు విశ్రాంతిగా ఉంటుంది’ అన్నాడు. రోజంతా ఎవరూ ఏమీ అడగరు. ఎప్పుడు పిలుస్తారా అని చెవులు రిక్కించుకుని కూర్చుంటాను. ఆ అడగడాల్ని ఇన్నేళ్ళూ తిట్టుకున్నాను, ఇప్పుడు అవి లేక ఊరికే గొడుగులు లెక్కపెడుతున్నాను. ఇంటికొచ్చాక గోడతో మాట్లాడుతున్నాను. నీకు చెబితే పరీక్ష పాడుచేసుకుంటావని చెప్పలేదు. ఇంకో కారణం కూడా ఉంది. అన్నిటికీ జవాబు తెలిసిన అత్తగా నీ కళ్ళలో ఉండిపోదామనుకున్నాను. సిగ్గుపడాల్సింది నువ్వు కాదు, పిల్లని ఎప్పుడూ అడగనివ్వనిదాన్ని నేను.

రాశాక ఏడ్చాను. తర్వాత ఆకలేసింది, తిన్నాను. ఇప్పుడు కాస్త నయం.

పాసయ్యావా? చూశావా, మళ్ళీ మొదలుపెట్టాను.

నీ అత్త


హాస్టల్, కిటికీ ఉన్న గది

అత్తా,

అడిగాను, ఇచ్చారు. అంత తేలిగ్గా ఇస్తారని ఇన్నాళ్ళూ తెలియలేదు.

పాసయ్యాను. ఆ ముసలాయన గళ్ళన్నీ ఖాళీగా వదిలేసి, కాగితం అడుగున ఎడమచేత్తో వంకర అక్షరాలతో ‘ఈ అమ్మాయి మాట్లాడింది’ అని రాశాడట. దాన్ని మార్కుల్లోకి ఎలా మార్చాలో తెలియక సగం సారు సమావేశం పెట్టారు. చివరికి సరిగ్గా పాస్ మార్కు ఇచ్చారు. పట్టా వస్తుంది, ఉద్యోగం నాదే.

అంతటితో అయిపోతే సగం సారు ఎందుకవుతారు! పరీక్షాధికారి అంత సంతోషించిన సంభాషణ వదులుకోకూడదని దాన్ని పుస్తకంలో పదమూడోదిగా చేర్చారు. వచ్చే ఏడాది నుంచి బేసి నంబర్లు ‘మీ బొటనవేలికి ఏమైంది?’ అని అడగాలి, సరి నంబర్లు ‘గేటు సందులో పడింది’ అని చెప్పాలి. ప్రాక్టీసుకి కట్టుగుడ్డల చుట్ట కూడా కొన్నారు. నిన్న నాకు మెట్ల దగ్గర ఒక కుర్రాడు ఎదురై, నా చేతికేసి చూడకుండానే బొటనవేలి గురించి అడిగాడు.

నేను ఆదివారం బయల్దేరుతున్నాను. బస్సు దిగి ఆ పెట్టె దగ్గర ఆగను, నేరుగా వెనక వైపుకి వస్తాను. నీకు ఏమైందో అడగాల్సినవి చాలా ఉన్నాయి, కౌంటర్‌కి ముందువి కూడా. మీ నాన్న, అంటే మా తాత, ఎలా ఉండేవాడు, నీకు రాళ్ళంటే ఇష్టమా, మా నాన్న నన్ను నీ దగ్గర వదిలివెళ్ళిన రోజు నీకు భయమేసిందా. తొందరేం లేదు. ఆ గొడుగుల పక్కన ఒక స్టూలు వేసి ఉంచు, నేను కూర్చుంటాను. చెప్పు కోసం ఎవరైనా వస్తే లేచి ఇచ్చి రా. వచ్చి, ఆపిన చోటనుంచి మళ్ళీ చెప్పు.

నీ మేనకోడలు